అత్త వేలికి పగడం

వెండి పని నేర్చుకోవడానికి వెళ్లిన మొదటి ఆదివారం నా సంచిలో నాలుగు వస్తువులున్నాయి. వెర్నియర్ కాలిపర్, మైక్రోమీటర్, గళ్ల నోటుబుక్కు, సన్నని ములుకున్న పెన్సిలు. ఆర్మూరు పాత బస్టాండు వెనక సందులో, కూరగాయల బండ్లు నిలబడేచోట, ఒకే ఒక్క కిటికీ ఉన్న దుకాణం అది. అందులో కూర్చుని పనిచేసే కంసాలికి, మా దిక్కు మాటలో అవుసులాయనకు, అరవై దాటాయి. నేను కాకా అని పిలిచేవాణ్ణి. ఆయన నా సంచిలోంచి ఒక్కొక్కటీ తీసి చూశాడు. మైక్రోమీటరు దగ్గర ఆగి దాని గుబ్బ రెండుసార్లు తిప్పి, మళ్లీ సంచిలోనే పెట్టేశాడు.

"మంచిగున్నది. గోడకు తగిలియ్యి," అన్నాడు. "ముందుగాల గీ తీగెను గుండ్రంగ వంచు."

ఆయన ఇచ్చింది ముక్కలు కోసుకోవడానికి బారెడు రాగి తీగ. వంచాను. ఉంగరం కాలేదు, కోడిగుడ్డు అయింది. మళ్లీ వంచాను. ఆ పూట మొత్తం పద్నాలుగు రింగులు వంచి, ఒక్కొక్కదాని వ్యాసం రెండు దిక్కులా కొలిచి నోటుబుక్కులో రాసుకున్నాను. పదమూడోదానికి తేడా పావు మిల్లీమీటరుకు వచ్చింది. నాకు సంతోషమేసింది. కాక ఆ పదమూడోదాన్ని చూపుడువేలికి తొడిగి, కళ్లు మూసుకుని బొటనవేలితో ఒకసారి తిప్పి, సరిగ్గా తీగ కొసలు కలిసేచోటి పక్కన ఆపాడు.

"ఈడ ఎత్తు ఉన్నది."

మైక్రోమీటరు తెచ్చి చూశాను. ఉంది. ఆ రోజు నుంచి కొలిచే పరికరాల జాబితాలో ఆయన బొటనవేలిని కూడా చేర్చాను.

నేను పాలిటెక్నిక్‌లో మెకానికల్ డిప్లొమా చేశాను. వారంలో ఆరు రోజులు పసుపు పాలిష్ డ్రమ్ములు తయారుచేసే షెడ్డులో పని. ఉడికించి ఎండబెట్టిన పసుపు కొమ్ములను చిల్లుల ఇనుప డ్రమ్ములో వేసి తిప్పితే పైపొట్టు రాలిపోతుంది. అంకాపూర్ రైతుల నుంచి ఏర్గట్ల రైతుల దాకా మా షెడ్డుకే వస్తారు. డ్రమ్ము ఒక మనిషి పట్టేంత ఉంటుంది. అందులో మూడు మిల్లీమీటర్లు అటో ఇటో అయినా పసుపు కొమ్ము ఫిర్యాదు చేయదు. ఆ పని నాకు వచ్చు. చాలా బాగా వచ్చు. వెండి దగ్గరకు వెళ్లింది మాత్రం అమ్మ మెట్టె వల్ల. అది విరిగితే అతికించడానికి ఈ దుకాణానికి తెచ్చాను. కాక ఏడు నిమిషాల్లో అతికించి ఇచ్చాడు. ఆ ఏడు నిమిషాల్లో ఆయన చేతులు పదకొండు పనులు చేశాయి. ఎనిమిది అర్థమయ్యాయి. మూడు కాలేదు. అర్థం కాని ఆ మూడింటి కోసం మళ్లీ వెళ్లాను.

"నేర్పిస్తరా కాకా?"

"దేనికి? నౌకరి లేదా నీకు?"

"ఉన్నది."

"పెండ్లి అయిందా?"

"కాలె."

"గదే మరి. ఆదివారం పూట ఏం తోస్తలేదు నీకు. కూసో."

అలా కూర్చున్నాను. నేల మీద, ముందు చిన్న బల్ల, రాలిన వెండి రజను పడడానికి ఒడిలో తోలు ముక్క. నేర్చుకోగలనా అనే అనుమానం నాకు రాలేదు. ఎన్నాళ్లు పడుతుందన్నది ఒక్కటే ప్రశ్న. దానికి కూడా ఒక అంచనా రాసిపెట్టుకున్నాను.

ఆ అంచనా మొదట తప్పింది మాటు దగ్గర. వెండి ముక్కలను అతికించడానికి వెండికంటే తొందరగా కరిగే మిశ్రమం వాడతారు, దాన్నే మాటు అంటారు. నువ్వుగింజంత ముక్క అతుకు మీద పెట్టి, వెలిగారం పూసి, మంట చూపిస్తే అది ఒక్కసారిగా నీళ్లలా మెరిసి సందులోకి పారాలి. నాది పారలేదు. గుండ్రంగా ముడుచుకుని, వేడి పెనం మీద నీటిబొట్టులా దొర్లి పక్కకు పోయింది. వరసగా మూడు ఆదివారాలు ఇదే జరిగింది. ఐదు కారణాలు రాశాను: మంట చాలకపోవడం, మంట ఎక్కువవడం, వెలిగారం పలచన కావడం, అతుకులో ఖాళీ ఉండడం, మాటులో పాళ్లు కుదరకపోవడం. ఒక్కొక్కటీ మార్చి చూశాను. ఐదూ కాదని తేలింది. నాకు కోపం రాలేదు గానీ, కారణం లేకుండా ఏదీ జరగదన్న నమ్మకం కొంచెం కదిలింది.

కాక ఆ మూడు వారాలూ ఏమీ చెప్పకుండా తన పట్టగొలుసులు తాను చేసుకున్నాడు. మూడో ఆదివారం చివర నా తీగ తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. తర్వాత నా చెయ్యి పట్టుకుని అదీ వాసన చూశాడు.

"నిన్న షెడ్డుల డ్రమ్ము నడిపినవా?"

"శనివారం ట్రయల్ ఉంటది కాకా. ప్రతి డ్రమ్ము పసుపు ఏసే చూస్తం."

"గదే. నీ గోళ్లల్ల కిలో పసుపున్నది. పసుపుకు నూనె ఉంటది. నూనె ముట్టిన కాడ మాటు పారది."

"మరి మూడు వారాల సంది ఎందుకు చెప్పలె?"

"నువ్వు అడుగలె. రాసుకుంటున్నవ్. సదువుకున్నోడు రాస్తుంటె మధ్యల మాట్లాడద్దు అంటరు."

కుంకుడుకాయ నురుగుతో గోళ్లు, వేలి సందులు తోముకుని, తీగను ఆకురాయితో కొత్తగా గీకి, మళ్లీ పెట్టాను. మాటు పారింది. సందు ఈ చివర నుంచి ఆ చివరకు ఒక వెలుగు గీతలా పరిగెత్తింది. అప్పటి నుంచి శనివారం సాయంత్రమే చేతులు కడగడం మొదలుపెట్టాను. నాలుగు నెలలకు సాదా ఉంగరాలు, మెట్టెలు, చిన్న రాయి పొదిగిన కమ్మలు నా చేతి నుంచి ఏ సవరణా లేకుండా బయటికి వెళ్లసాగాయి. కాక వాటిని పరీక్షించడం తగ్గించాడు. అది ఆయన మెచ్చుకునే పద్ధతి.

పగడం వచ్చింది అప్పుడే.

మా మేనత్త, అంటే నాన్నకు అక్క, మా ఇంటికి రెండు ఇళ్ల అవతల ఉంటుంది. పద్నాలుగో ఏట నుంచి బీడీలు చుడుతోంది. ఒకరోజు నన్ను పిలిచి ఖాళీ సున్నం డబ్బీ ఒకటి చేతిలో పెట్టింది. మూత తీస్తే దూది మీద పగడం. కోలగా, నున్నగా, పండిన మిరపకాయ రంగులో ఉంది. మా నానమ్మది. ఆమె ఉంగరం అరిగి అరిగి తెగిపోతే రాయిని అత్త దాచింది. తర్వాత రెండుసార్లు బజారులో ఉంగరం చేయించుకుంది గానీ, బీడీలు చుట్టేటప్పుడు అడ్డమని తీసేయాల్సి వచ్చేది. చివరికి రాయిని పీకించి మళ్లీ డబ్బీలో పెట్టింది.

"ఇంజనీరు సదివి ఆఖర్కి అవుసులాయన దుకాన్ల కూసున్నవ్. ఏదన్న ఫాయిదా ఉండాలె గదరా," అంది. "నాకు ఉంగురం చెయ్యి. గాని ఒక్కటే మాట. తీసి పక్కన పెట్టుడు ఉండొద్దు. పొద్దున కూసుంటే నాలుగు కొట్టేదాక బీడీలే చేస్త. ఏలికుంటే ఏలికే ఉండాలె. లేకుంటే నాకొద్దు."

"అట్లనే చేస్త అత్తా."

"అట్లనే అనకు. గిది మా అమ్మది. ఇసొంటిది ఇంకోటి దొర్కది. అవుసులాయనకు ఇయ్యకుండ నీకిస్తున్న."

వెర్నియర్‌తో ఆమె వేలు కొలిచాను. "గీ కొంగ ముక్కేంద్రా!" అని చెయ్యి వెనక్కి లాక్కుంది. రాయి కొలతలు: పొడవు తొమ్మిది మిల్లీమీటర్లు, వెడల్పు ఏడు, ఎత్తు నాలుగు. కాకకు చూపిస్తే, ఆయన దాన్ని వెలుతురుకు పట్టి రెండు జాగ్రత్తలు చెప్పాడు.

"పగడం రాయి గాదు బిడ్డా. సముద్రంల పుట్టిన బొక్క, ఎముక లెక్క. దానికి నిప్పు చూపియ్యొద్దు, పులుపు చూపియ్యొద్దు."

ఈ రెండో మాట నేను ముందే రాసుకున్నాను. మేం వెండిని చింతపండు నీళ్లలో మరిగించి తెల్లబరుస్తాం. పగడం సున్నపు జాతిది, పులుపు తగిలితే నునుపు పోతుంది. కింది భాగం తెరిచి ఉంచాలని కూడా తెలుసు. పగడం చర్మానికి తగలాలని, మంగళవారం పెట్టుకోవాలని అత్త పట్టుదల. ఇవన్నీ నోటుబుక్కులో ఉన్నాయి. నాలుగు వైపుల బొమ్మ గీశాను. రాయిని నాలుగు వెండి కొక్కేలు పట్టుకుంటాయి. ఉంగరం మీద అది కొంచెం ఎత్తులో, అన్ని వైపుల నుంచీ కనబడేలా కూర్చుంటుంది. చూడడానికి మస్తు ఉంటుందని నాకు తెలుసు. అలాగే చేశాను, అలాగే వచ్చింది. కాక కళ్లు మూసుకుని బొటనవేలు తిప్పాడు, ఎక్కడా ఆపలేదు.

మంగళవారం పొద్దున అత్త స్నానం చేసి ఉంగరం కుడిచేతి వేలికి పెట్టుకుంది. చెయ్యి చాపి చూసుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. తర్వాత చాట ఒళ్లో పెట్టుకుని పనికి కూర్చుంది.

మొదటి బీడీకే దారం కొక్కేనికి చిక్కుకుంది. విడదీసింది. రెండో బీడీకి, తడిగుడ్డ కింద నుంచి ఆకు లాగబోతే గుడ్డే లేచి వచ్చింది. నాలుగోదానికి ఆకు చిరిగింది. నేను గుమ్మంలో నిలబడి లెక్కపెడుతున్నాను. ఇరవై ఐదు బీడీల కట్ట పూర్తయ్యేసరికి ఆరు ఆకులు చిరిగాయి, తొమ్మిదిసార్లు దారం పట్టుకుంది.

అత్త చెయ్యి ఆపింది.

"మస్తు మంచిగ చేసినవ్ కొడుకా," అంది. "పెండ్లికి పోయేటోళ్లకు చేసినవ్. బీడీలు చేసేటోళ్లకు చెయ్యలె."

ఉంగరం తీసి చాట అంచున పెట్టింది.

నాకు ఇరవై ఆరేళ్లు. ఆ ఇరవై ఆరేళ్లూ అత్త బీడీలు చుట్టడం చూస్తూనే ఉన్నాను. చిన్నప్పుడు ఆమె పక్కనే కూర్చుని ఎక్కాలు చదివాను. కానీ ఉంగరం బొమ్మ గీసేటప్పుడు ఆమె వేలి చుట్టుకొలత తప్ప ఆమె చెయ్యి గుర్తు రాలేదు. మా షెడ్డులో ఎవరైనా పసుపు చూడకుండా డ్రమ్ము గీస్తే నేను ఊరుకోను.

"ఇయ్యాల షెడ్డుకు పోను, ఇక్కడే కూసుంట అత్తా. నువ్వు నీ పని చెయ్యి," అన్నాను.

రెండు గంటలు కూర్చున్నాను. నోటుబుక్కులో ఆమె కుడిచెయ్యి బొమ్మ వేసి, ఉంగరం వేలు ఏ క్షణాన దేనికి తగులుతుందో గుర్తులు పెట్టాను. ఆకులు తడిగుడ్డ కింద ఉంటాయి. చూడకుండానే చెయ్యి దూర్చి ఒక్క ఆకు లాగుతుంది, అప్పుడు వేళ్ల వెనకవైపు గుడ్డకు రాసుకుంటుంది. దారం చుట్టి తెంపేటప్పుడు అదే వెనకవైపు మీదుగా పోతుంది. తంబాకు పోసి ఆకు చుడుతున్నప్పుడు వేలి లోపలి వైపు కింద నుంచి ఒత్తి పట్టుకుంటుంది. అక్కడ ఉంగరం మందంగా ఉంటే ఆకు మడత పడుతుంది. పక్క వేళ్లు ఎప్పుడూ ఆనుకునే ఉంటాయి. అంటే పైన ఎత్తు ఉండకూడదు, లోపల మందం ఉండకూడదు, పక్కల అంచు ఉండకూడదు.

"ఏం రాస్తున్నవ్ రా గంటసేపటి సంది?"

"నీ చెయ్యి ఏమేం చేస్తదో రాస్తున్న."

"నా ఎడమ కాలు తిమ్మిరెక్కింది. గది గూడ రాయి."

కొత్త బొమ్మ ఆ రోజే వచ్చింది. కొక్కేలు వద్దు. రాయి చుట్టూ పలచని వెండి అంచు పట్టీ నిలబెట్టి, దాన్ని లోపలికి ఒత్తి రాయిని బిగించాలి. ఉంగరం మీద కాకుండా ఉంగరం మందంలోనే రాయి దిగి కూర్చోవాలి. అంచు నుంచి పక్కలకు వాలు ఉండాలి, దారం వస్తే జారిపోవాలి. దీనిలో నాకు తప్పేమీ కనబడలేదు, ఇప్పటికీ కనబడదు. తప్పు చేసింది ఆ తర్వాతి పనిలో.

పాత ఉంగరం నుంచి పగడం విడదీయాలి. కాక చెప్పాడు: "కొక్కేలు లేపకు. ఆకురాయితోని మొదట్లకే కోసెయ్. నాలుగు కొక్కేలు పోతయ్, పోనీ."

నాకు అవి పోవడం నచ్చలేదు. నాలుగూ సరిగ్గా ఒకే మందంలో చేసినవి. సన్నని పట్టకారుతో లేపడం మొదలుపెట్టాను. రెండు లేచాయి. మూడోది చల్లగా ఉన్నప్పుడు వంచిన వెండి కాబట్టి గట్టిపడి ఉంది. వేడిచేస్తే మెత్తబడుతుంది గానీ పగడం ఉండగా వేడి పెట్టలేను. ఇదంతా తెలిసే ఇంకొంచెం బలం పెట్టాను. పట్టకారు జారింది. టిక్కుమని చిన్న చప్పుడు అయింది.

కాక తల ఎత్తకుండానే అడిగాడు. "పోయిందా?"

రాయి అంచున ఆవగింజలో పావంత పెంకు లేచిపోయింది. అక్కడ ఎరుపు లేదు, తెల్లగా ఉంది. ఆయనకు చూపించాను. చాలాసేపు చూశాడు.

"అంచు పట్టీ ఏస్తవ్ గద. దాని కింద పోతది. ఎవ్వలికి కనవడది."

"అవును."

"చెప్పుడా చెప్పకపోవుడా, అది నీది. పని నీది గాబట్టి."

పట్టీ అర మిల్లీమీటరు రాయి మీదికి వస్తుంది. పెంకు పోయింది అందులో సగం. కొలత నా వైపే ఉంది. కానీ అత్త రాయిని చేతికిచ్చినప్పుడు కొలత గురించి మాట్లాడలేదు. సాయంత్రం సున్నం డబ్బీ తీసుకుని నేరుగా వాళ్లింటికే వెళ్లాను.

"అత్తా, రాయి తీసేటప్పుడు అంచుకు దెబ్బ తగిలింది. తప్పు నాదే. కాక వద్దన్నా ఇనలె."

ఆమె రాయిని తీసుకుని అంచు వెంట గోరు నడిపింది. పెంకు పోయినచోట గోరు ఆగింది. మళ్లీ వెనక్కి తెచ్చింది, మళ్లీ అక్కడే ఆగింది. ఆమె తిడుతుందని సిద్ధపడి వెళ్లాను. తిట్టలేదు. డబ్బీ మూత పెట్టి, బియ్యం డబ్బా పక్కన అరలో పెట్టింది.

"ఇగ ఉండనీ," అంది. "ఏం జెయ్యకు. ఏలికి లేకున్నా కండ్ల ముంగటన్న ఉంటది."

నేను ఇంటికి వచ్చాను. ఆ వారం మాటల్లో ఆమె నన్ను ఒక్కసారి కూడా ఇంజనీరు అని వెక్కిరించలేదు. అదే నాకు కష్టంగా అనిపించింది.

బాగా చేస్తానని మాట ఇచ్చి ఒప్పించడం నా వల్ల కాదు. పైగా ఒకసారి మాట ఇచ్చి ఉన్నాను. ఆమె చెయ్యి ఒప్పుకోవాలి. దానికి పగడం అక్కర్లేదు, పగడం కొలత చాలు. కొలతలు నా నోటుబుక్కులో ఉన్నాయి. మొదటే చేయాల్సిన పని అప్పుడు చేశాను: నమూనా. ఉంగరం రాగితో. రాయికి మాత్రం ఏం పెట్టాలని ఆలోచించాల్సిన పని లేకపోయింది, షెడ్డులో బస్తాల కొద్దీ ఉంది. బాగా ఎండిన పసుపు కొమ్ము కర్ర కంటే గట్టిగా ఉంటుంది. ఒకటి కోసి, ఆకురాయితో తొమ్మిది, ఏడు, నాలుగుకు దించాను. పగడం వంపు కూడా తెచ్చాను. తడికి రంగు దిగకుండా పైన లక్క పూత పూశాను. రాగి ఉంగరంలో దాన్ని దింపి అంచు ఒత్తాను.

కాక ఆ ఉంగరం చూసి పనిముట్టు కింద పెట్టాడు.

"గిదేం రత్నం రా?"

"ఆర్మూరు పుష్యరాగం కాకా."

ఆయన నవ్వు సందు చివర టీ బండి దాకా వినబడి ఉంటుంది. నవ్వడం అయ్యాక బొటనవేలు తిప్పాడు. లోపలి వైపు ఒకచోట ఆపాడు. "ఈడ ఇంక పలచన చెయ్యి. ఆకు ఈడనే గద ఒత్తేది." నా బొమ్మ ఆయన చూడలేదు, ఆయనకు ఎలా తెలుసని అడిగితే, "మా ఇంటామె ముప్పై ఏండ్లు బీడీలు చేసింది," అన్నాడు. ముందే ఎందుకు చెప్పలేదని ఈసారి అడగలేదు. పలచన చేశాను.

మర్నాడు సాయంత్రం అత్త ముందు పెట్టాను.

"పగడం గాదు అత్తా, పసుపు కొమ్మే. ఉంగురం రాగిది. రెండు రోజులు ఏలికుంచి పని చెయ్యి. అడ్డమైతే పారెయ్."

"పసుపు కొమ్మా!" వేలికి పెట్టుకుని తిప్పి తిప్పి చూసింది. వారం తర్వాత మొదటిసారి ఆమె మొహం విచ్చుకుంది. "బీడీలకు పసుపు అంటితె కార్ఖానోడు ఏమంటడు రా?"

"పెండ్లి బీడీలు అనుకుంటడు తియ్యి."

"నోర్ముయ్యి," అని చాట దగ్గరకు లాక్కుంది.

నేను ఈసారి నోటుబుక్కు తెరవలేదు. గోడకు ఆనుకుని కూర్చున్నాను. మొదటి పది బీడీలకు ఆమె వేలి వంకే చూస్తూ నెమ్మదిగా చుట్టింది. చెయ్యి గుడ్డ కింద దూర్చేటప్పుడు ఊపిరి బిగబట్టింది. గుడ్డ కదల్లేదు. దారం వాలు మీద నుంచి జారిపోయింది. ఇరవై అయ్యేసరికి వేగం పెరిగింది. కట్ట కట్టి పక్కన పడేసి, రెండోది మొదలుపెట్టి, ఒక ఆకు వెలుతురుకు ఎత్తి చూసింది.

"ఈ వారం ఆకు చూడు ఎట్లున్నదో. సగం ఈనెలే. తడిపినా మెత్తవడతలేదు. మొన్న గా కమీషన్‌ దారునికి చెప్పిన, గీ ఆకు పెడితే బీడీ కాదు పుల్ల అయితదని. ఆడు ఇంటడా? లెక్క మాత్రం పూరా కావాలె..."

ఆకు గురించి, తూకం గురించి, కిందటేడు వచ్చిన మంచి ఆకు గురించి చెబుతూనే ఉంది. చేతులు వాటి మానాన అవి పోతున్నాయి. ఆకు, తంబాకు, చుట్టు, మడత, దారం. ఉంగరం అని ఒక్క మాట రాలేదు. నాకు కావాల్సిన పరీక్షా ఫలితం అదే. నేను మాట్లాడితే ఆమెకు గుర్తొస్తుందని, ఆకు చెడ్డదేనని తల ఊపుతూ కూర్చున్నాను.

మూడో రోజు అత్త డబ్బీ తెచ్చింది. నాకు ఇవ్వలేదు.

"నేనే వస్త దుకాన్లకు. నా కండ్ల ముంగట పెట్టు. ఇంకో పెంకు లేసిందంటే నీ ఏళ్లు ఇరుగ్గొడ్త."

వెండి ఉంగరం సిద్ధం చేయడానికి రెండు ఆదివారాలు పట్టింది. నిప్పుతో చేసే పనులన్నీ, పులుపుతో చేసే పనులన్నీ రాయి రాకముందే ముగించాను. రాయి కూర్చునే గూడు కింద తెరిచి ఉంది, లోపల సన్నని మెట్టు ఉంది. మంగళవారం షెడ్డుకు సెలవు పెట్టాను. మధ్యాహ్నం రెండింటికి అత్త వచ్చి దుకాణం గడప మీద కూర్చుంది. డబ్బీ మూత తనే తీసింది.

పెంకు పోయిన అంచును మణికట్టు వైపుకు, పట్టీ మందంగా ఉన్నచోటికి తిప్పి పగడాన్ని గూట్లో దించాను. ఆ తెల్లని మచ్చను ఆమెకు మరోసారి చూపించాను. "చూసిన. కానియ్," అంది. పట్టీని ఒత్తడానికి ఒక వరస ఉంటుంది. ముందు పైన, తర్వాత సరిగ్గా దాని ఎదురుగా కింద. తర్వాత ఎడమ, కుడి. ఆపైన వాటి మధ్యలు. ఒక వైపు నుంచే ఒత్తుకుంటూ పోతే రాయి ఒరుగుతుంది, చివర్లో మిగిలిన వెండి ముడత పడుతుంది. మొత్తం పదహారు ఒత్తులు వేశాను. తొందర పడలేదు. ఎందుకు పడాలి? ఆ రాగి ఉంగరం మీద ఈ పని చేశాను, దానికి ముందు గాజు రాళ్ల మీద నలభైసార్లు చేశాను. కాక తన పని ఆపి కిటికీ వైపు చూస్తూ కూర్చున్నాడు. చూడడం లేదని నాకు తెలియాలని అలా కూర్చున్నాడు.

చివరికి మెరుగు పెట్టే నున్నని అకీకు రాయితో అంచు చుట్టూ రుద్దాను. పట్టీకి, పగడానికి మధ్య గోరు ఆగేచోటు లేదు. మెత్తని గుడ్డతో తుడిచి కాకకు ఇవ్వబోయాను. ఆయన తీసుకోలేదు.

"నాకెందుకు? ఆమెకియ్యి."

అత్త ఉంగరాన్ని వేలికి పెట్టుకోకముందు అంచు వెంట గోరు నడిపింది. ఒక చుట్టు పూర్తిగా తిరిగింది, ఎక్కడా ఆగలేదు. దాన్ని వేలికి ఎక్కించి, చెంగు తీసి వేళ్ల మీదుగా ఒకసారి లాగి చూసింది. పోగు పట్టుకోలేదు. మెచ్చుకుంటుందేమోనని నేను ఎదురుచూశానని ఒప్పుకోవాలి.

"టైం ఎంతయింది?" అని అడిగింది.

"మూడున్నర."

"అయ్యో, కార్ఖానకు బీడీలు ఇయ్యాలె," అని లేచింది.

గడప దిగి నాలుగు అడుగులు వేసి కూరగాయల బండి దగ్గర ఆగింది. పుంటికూర, అదే గోంగూర, కట్టలు తిరగేస్తూ, తడిసిన ఆకుల కిందికి చెయ్యి దూర్చి, అడుగున ఉన్న మంచి కట్ట కోసం వెతకడం మొదలుపెట్టింది. బండివాడు ఏదో అన్నాడు. ఆమె దానికి రెండింతలు అంది. ఆ కుడిచెయ్యి ఆకుల్లోకి పోయి వస్తోంది, ఎక్కడా ఆగకుండా.